స్ట్రాంగ్ ఇంపీరియల్ స్టౌట్ తాగినవాళ్లు చెప్పండి: చేదు వెనక మీకు ఇంకేం దొరికింది?

నల్లనురుగు:
ఇంతకాలం నా తాగుడంతా లాగర్లు, గోధుమ బీర్ల చుట్టూనే. ఈమధ్య ఫ్రెండ్ ఒక క్రాఫ్ట్ బ్రూవరీ వాళ్ల ఇంపీరియల్ స్టౌట్ తెచ్చాడు, అంటే నల్లగా వేయించిన గింజతో చేసే స్ట్రాంగ్ బీరు, ఆల్కహాల్ 11 శాతం. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా గ్లాసుల్లో పోసుకున్నాం. పోస్తుంటేనే చిక్కగా, చప్పుడు లేకుండా జారింది, పైన కాఫీ రంగు నురుగు. మొదటి గుటకకి మాడు వాసన, చేదు, గొంతులో మంట, అంతకుమించి ఏమీ అందలేదు. తర్వాత మాటల్లో పడ్డాం, గ్లాసులు అలాగే ఉండిపోయాయి. చల్లదనం తగ్గాక మళ్లీ తాగితే ఎండుద్రాక్ష, డార్క్ చాక్లెట్, పొగాకు లాంటిదేదో, చివర్లో కొంచెం తీపి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సీసా అదే, గ్లాసు అదే. నిజంగా ఆశ్చర్యం వేసింది. ఇవి రెగ్యులర్‌గా తాగేవాళ్లు మీ అనుభవాలు రాయండి: ఎలా తాగుతారు, ఏం చూసి మంచిదంటారు, ఏం చూసి పక్కన పెట్టేస్తారు?

మాల్ట్‌పిచ్చి:
అదంతా టెంపరేచర్ వల్లే బ్రదర్. వాసన ఇచ్చే పదార్థాలు ఆవిరై ముక్కుకి చేరితేనే కదా మనకి తెలిసేది, ఫ్రిజ్ చల్లదనంలో అవి బీరులోనే ఉండిపోతాయి. చేదు మాత్రం ఎక్కడికీ పోదు, పైగా తీపి కూడా చల్లదనంలో మొద్దుబారుతుంది కాబట్టి చేదు ఒక్కటే మిగిలినట్టు అనిపిస్తుంది. ఇలాంటి బీరుకి 10 నుంచి 13 డిగ్రీలు సరిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టండి, పింట్ గ్లాసు వద్దు, మూతి సన్నగా ఉండే చిన్న గ్లాసు తీసుకుని మూడో వంతు మాత్రమే పోయండి. మిగతా ఖాళీ అంతా వాసనకి. ఒక చిట్కా, గ్లాసు అడుగుభాగాన్ని అరచేతిలో పట్టుకుంటే మెల్లగా వేడెక్కుతుంది, మధ్యమధ్యలో వాసన చూస్తూ ఉంటే మార్పు మీకే తెలుస్తుంది.

రేవతి_టేస్టింగ్:
మాల్ట్‌పిచ్చి గారు చెప్పింది కరెక్టే. దానికి తోడు నేను నోట్లో మూడింటిని విడదీసి చూస్తాను, చాలామంది ఈ మూడింటినీ కలిపి "ఘాటు" అనేస్తారు. మొదటిది చేదు, నాలుక మీద తగులుతుంది, అది హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పువ్వులు) నుంచీ వేయించిన గింజ నుంచీ వస్తుంది. రెండోది వగరు, బుగ్గల లోపల పట్టేసినట్టు ఉంటుంది. వేయించిన గింజల మోతాదు మీరినా, వాటిని నీళ్లలో నానబెట్టడం సరిగ్గా కుదరకపోయినా అది వస్తుంది. మూడోది వేడి, గొంతులోంచి ఛాతీలోకి దిగుతుంది, అది ఆల్కహాల్. మంచి ఇంపీరియల్ స్టౌట్‌లో చేదు ఉంటుంది, వేడి కొంచెం ఉంటుంది, వగరు మాత్రం దాదాపు ఉండకూడదు. మింగేశాక కాఫీ, చాక్లెట్ మిగిలితే నాకు చాలు. నోరు ఎండిపోయి బూడిద చప్పరించినట్టు ఉంటే మాత్రం ఆ సీసా మీద ఎన్ని మెడల్స్ అంటించినా నేను రెండో గ్లాసు పోసుకోను.

చిన్నగుటక:
రేవతి అక్కా, ఇంత చేదు బీరు చివర్లో తీపిగా ఎలా ఉంటుంది? నాకు అదే అర్థం కాదు.

రేవతి_టేస్టింగ్:
ఇంత స్ట్రాంగ్ బీరు రావాలంటే మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజ, చాలా ఎక్కువ వెయ్యాలి తమ్ముడూ. ఈస్ట్ ఆ చక్కెరలన్నీ తినలేదు, కొన్ని మిగిలిపోతాయి. చిక్కదనం, తీపి అక్కడివే. ఆ తీపిని పట్టి ఉంచడానికే హాప్స్ గట్టిగా వేస్తారు. ఈ రకానికి చేదు కొలత మామూలుగా 50 నుంచి 90 ఐబీయూ ఉంటుంది, లైట్ లాగర్లు పది దగ్గర ఉంటాయి. అంకె చూస్తే భయం వేస్తుంది, నోట్లో మాత్రం అంత తెలియదు. అదే 80 ఐబీయూ ఒక పలచటి బీరులో ఉంటే తాగలేం.

ఇంటిబ్రూ_శేఖర్:
నేను ఇంట్లో బీర్ కాస్తుంటాను కాబట్టి రంగు గురించి రెండు ముక్కలు. ఎంత కటిక నల్లటి స్టౌట్‌లోనైనా నల్లగా వేయించిన గింజ మొత్తంలో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మామూలు లేత రంగు మాల్టే. ఆల్కహాల్ వచ్చేది ఆ లేత మాల్ట్ చక్కెరల్లోంచి. అంటే నలుపుకీ కిక్కుకీ సంబంధం లేదు. గిన్నిస్ డ్రాఫ్ట్ చూడండి, 4.2 శాతమే, చాలా లాగర్ల కంటే తక్కువ. నలుపు చూసి భయపడి గిన్నిస్ వద్దనేవాళ్లూ ఉన్నారు, లేత బంగారు రంగులో ఉంది కదా అని 9 శాతం బెల్జియన్ ఏల్‌ని గడగడా తాగేసేవాళ్లూ ఉన్నారు. లేబుల్ మీద అంకె చదవండి, అంతే.

ఈ నల్ల గింజ వెనక నాకు బాగా నచ్చే కథ ఉంది. 1817లో బ్రిటన్‌లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ని తిప్పుతూ వేయించే డ్రమ్ముకి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు పోర్టర్‌కి (స్టౌట్ పుట్టింది ఈ ముదురు రంగు బీరులోంచే) రంగు రావాలంటే బ్రౌన్ మాల్ట్ బోలెడంత పొయ్యాలి, దాంట్లోంచి చక్కెర తక్కువ దిగుతుంది, ఖర్చు దండగ. వీలర్ డ్రమ్ము వచ్చాక బలం కోసం లేత మాల్ట్, రంగూ రుచీ కోసం కాసింత నల్ల మాల్ట్, ఇలా రెండు పనులూ విడిపోయాయి. ఈరోజు మనం తాగే స్టౌట్‌లు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. కాఫీ గింజకైనా ఈ గింజకైనా వేయించేటప్పుడు జరిగే మార్పులు చాలావరకు ఒకటే, అందుకే చుక్క కాఫీ కలపకపోయినా కాఫీ వాసన వస్తుంది. చాక్లెట్ మాల్ట్‌లో కూడా చాక్లెట్ ఏమీ ఉండదు.

పాతసీసా:
శేఖర్ గారు చరిత్ర ఎత్తారు కాబట్టి, ఇంపీరియల్ అనడం ఊరికే గొప్పకి కాదు. 18వ శతాబ్దంలో లండన్ సదర్క్‌లోని యాంకర్ బ్రూవరీ నుంచి బలమైన పోర్టర్ రష్యా రాజాస్థానానికి వెళ్లేది, కేథరిన్ ది గ్రేట్ కాలం అది. 1781లో ఆ బ్రూవరీ బార్‌క్లే పెర్కిన్స్ చేతికి వచ్చింది, వాళ్లూ ఆ వ్యాపారం కొనసాగించారు. అమెరికన్ క్రాఫ్ట్ బ్రూవరీలు తర్వాతెప్పుడో దీన్ని అందుకుని హాప్స్ పెంచాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను నార్త్ కోస్ట్ వాళ్ల ఓల్డ్ రాస్పుటిన్ చెబుతాను, 9 శాతం, లోపల ఏ ఫ్లేవరూ కలపరు, గింజ రుచి గింజ రుచిలా ఉంటుంది.

తీపిగ్లాసు:
ఫ్లేవర్ కలిపినవాటి మీద అంత చిన్నచూపు ఎందుకండీ? నన్ను స్టౌట్ వైపు తెచ్చిందే వెనిలా, కోకో, కొబ్బరి వేసిన పేస్ట్రీ స్టౌట్. చేదు అంటే మొహం తిప్పేసే మా అక్క కూడా ఒక గ్లాసు ఇష్టంగా తాగింది.

పాతసీసా:
చిన్నచూపు కాదండీ. రెండు గుటకలకి అద్భుతం, అది ఒప్పుకుంటాను. కానీ వాటిలో చాలావాటికి లాక్టోజ్ వేస్తారు, పాల చక్కెర. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు, అంతా తీపిగా మిగిలిపోతుంది. దాని మీద వెనిలా, దాని మీద కొబ్బరి, ఇక కింద ఉన్న బీరు ఎక్కడ? వేయించిన గింజ గొంతు వినిపించకపోతే అది స్టౌట్ ఎందుకవ్వాలి అనేదే నా బాధ. ఫౌండర్స్ బ్రేక్‌ఫస్ట్ స్టౌట్ తాగి చూడండి, ఓట్స్, చాక్లెట్, కాఫీ అన్నీ వేస్తారు, 8.3 శాతం, అయినా బీరు బీరులాగే ఉంటుంది.

ఇంటిబ్రూ_శేఖర్:
ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. పాలు పడనివాళ్లు మిల్క్ స్టౌట్, పేస్ట్రీ స్టౌట్ లేబుల్స్ తప్పకుండా చదవాలి. బీరులో పాల పదార్థం ఉంటుందని ఎవరూ ఊహించరు. నా దగ్గరికి వచ్చేవాళ్లని ముందే అడుగుతాను.

చిన్నగుటక:
నైట్రో స్టౌట్ (నైట్రోజన్ ఎక్కించింది) నున్నగా ఉంటుంది కదా, స్ట్రాంగ్ వాటికి కూడా అలా చేస్తే బాగుంటుందా?

మాల్ట్‌పిచ్చి:
నైట్రోజన్ బీరులో పెద్దగా కరగదు, అందుకే సన్నటి బుడగలు, మీగడలాంటి నురుగు. కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి నాలుక మీద చురుకు కూడా తగ్గుతుంది. 4, 5 శాతం స్టౌట్‌కి అది ప్రాణం, పలచటి బీరుకి ఒళ్లొస్తుంది. ఇంపీరియల్‌కి ఆ ఒళ్లు ముందే ఉంది, పైగా నైట్రో చేస్తే వాసన అణిగిపోతుందని నా అనుభవం.

రేవతి_టేస్టింగ్:
దీనితో నేను ఏకీభవించను. హాప్స్ బాగా ఎక్కువైన ఒక ఇంపీరియల్‌ని నైట్రోలో తాగాను, గరుకు పోయి చాక్లెట్ ముందుకొచ్చింది. వాసన తగ్గిన మాట నిజమే.

పీపాల_రాజు:
ఎవరూ బ్యారెల్ మాట ఎత్తలేదే! బర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాల్లో ఉంచిన స్టౌట్ నాకు ఈ మొత్తం వ్యవహారంలో శిఖరం. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి, అంటే ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు, అలా అవి బ్రూవరీలకి దొరుకుతాయి. 1990ల్లో షికాగోలో గూస్ ఐలాండ్ వాళ్లు బర్బన్ కౌంటీ స్టౌట్‌తో ఈ దారి చూపించారు. వెనిలా వాసన ఓక్ చెక్కలోంచే వస్తుంది, కొబ్బరి లాంటి వాసన కూడా. ఎవరూ వెనిలా కలపనక్కర్లేదు. పీపాలోంచి వచ్చినవి 13, 14 శాతం దాకా వెళ్తాయి, నురుగు దాదాపు నిలవదు, దాన్ని లోపం అనుకోకండి, అంత ఆల్కహాల్‌లో నురుగు నిలబడటం కష్టం.

చూడాల్సిన లోపాలు వేరే ఉన్నాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, వెనిగర్ పులుపు, తడిసిన అట్ట వాసన. సోయా సాస్ వాసన వస్తే చచ్చిన ఈస్ట్ బీరులో ఎక్కువకాలం ఉండిపోయి ఉంటుంది. పీపాలో పెట్టిన ఒక ఖరీదైన సీసా నాకు పూర్తిగా పులిసిపోయి వచ్చింది, పేరు చెప్పను, సింక్‌లో పోశాను, ఇప్పటికీ బాధే.

మాల్ట్‌పిచ్చి:
రాజు గారు 14 శాతం అన్నారు కాబట్టి ఒక లెక్క. 330 మి.లీ. సీసా 12 శాతం అయితే అందులో అసలు ఆల్కహాల్ సుమారు 40 మి.లీ., అదే సైజు 5 శాతం బీరులో 16.5. దాదాపు రెండున్నర బీర్లు ఒకే సీసాలో. తీపి వల్ల నాలుకకి తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఒక సీసా ఇద్దరు ముగ్గురు పంచుకోండి, పక్కన నీళ్లు పెట్టుకోండి, బండి తాళాలు ముట్టుకోవద్దు. ఒకే పూట రెండు మూడు రకాలు రుచి చూడాలంటే తక్కువ శాతం ముందు, పీపాది చివర. తిరగేస్తే రెండోది నీళ్లలా ఉంటుంది.

నల్లనురుగు:
చాలా థాంక్స్ అందరికీ, వగరు, చేదు వేరని ఇప్పుడు నోట్లో గుర్తుపట్టగలననిపిస్తోంది. ఫ్రెండ్ దగ్గర ఇంకో రెండు సీసాలున్నాయి, ఒకటి కాఫీ వేసింది, ఒకటి పీపాది. దాచుకోవచ్చా?

పాతసీసా:
కాఫీది దాచొద్దు. కాఫీ వాసన ముందుగా పోయేది, పాతబడితే క్యాప్సికం లాంటి పచ్చి వాసన కూడా రావచ్చు. అది ఈ వారమే తాగేయండి. పీపాది ఒక ఏడాది ఆగుతుంది, హాప్స్ చేదు తగ్గి, మంట మెత్తబడి, ఎండు ఆలూబుఖారా లాంటి రుచి పైకి వస్తుంది. ఎన్నేళ్లు దాస్తే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు, ఒక దశ దాటాక పలచబడి అట్ట వాసనలోకి జారుతుంది.

పీపాల_రాజు:
దాచేటప్పుడు పడుకోబెట్టకండి, నిలబెట్టి ఉంచండి. వెలుతురు తగలని చోట, వేడి పెరగని చోట. అడుగున మడ్డి ఉంటే చివరి వేలెడు బీరు సీసాలోనే వదిలేసి పోసుకోండి.