2008లో మునిగింది బ్యాంకులు, కట్టింది ఎవరు?

తెనాలి అమ్మాయి:
నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర పెద్ద వాదన. ఒకతను అన్నాడు: "2008 ఆర్థిక సంక్షోభంలో పెట్టుబడిదారీ వ్యవస్థ పనైపోయిందన్నారు. ఏమైంది? అమెరికా ప్రభుత్వం బ్యాంకులకిచ్చిన డబ్బు లాభంతో సహా తిరిగొచ్చింది. ఎవరూ నష్టపోలేదు." నాకు వెంటనే జవాబు తోచలేదు, కానీ మనసు ఒప్పుకోలేదు. ఇక్కడ బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు, అప్పట్లో అమెరికాలో ఉన్నవాళ్లు ఉన్నారు కదా. అసలు ఎవరు కట్టారు?

బ్యాంకు బాబాయ్:
అమ్మాయ్, ముప్పై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. బ్యాంకులను కాపాడటం తప్పని నేను అనను. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకును ఆదుకోకుండా వదిలేశారు. మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీకి 8,500 కోట్ల డాలర్లు సర్దాల్సి వచ్చింది. డిపాజిట్ అంత భద్రమని జనం నమ్మిన ఒక మనీ మార్కెట్ ఫండ్‌లో, ఎప్పుడూ డాలర్ ఉండాల్సిన యూనిట్ విలువ దాని కిందికి జారింది. పెద్ద కంపెనీలకు కూడా రోజువారీ ఖర్చులకు అప్పు పుట్టలేదు. 29న అమెరికా ప్రతినిధుల సభ బ్యాంకుల సాయం బిల్లును ఓడిస్తే ఆ ఒక్కరోజే అక్కడి స్టాక్ మార్కెట్ సూచీ డౌ 777 పాయింట్లు పడింది. నాలుగు రోజులకే అదే సభ 70,000 కోట్ల డాలర్లకు తలూపింది.

బ్యాంకు మూతపడితే ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకు షట్టర్ దించేసింది. మా పెదనాన్న డిపాజిట్ రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రోజూ పొద్దున్నే వెళ్లి ఆ గేటు ముందు నిలబడేవాడు. కూతురి పెళ్లికని దాచింది మూడు లక్షలు. అప్పట్లో బీమా లక్ష వరకే. వ్యవస్థ కూలితే ముందు చితికిపోయేది ఆయనలాంటివాళ్లే.

ఫీనిక్స్ తెలుగు:
బాబాయ్ గారూ, మీ పెదనాన్నగారి డబ్బు కాపాడాలంటే నాకు అభ్యంతరమే లేదు. నా బాధల్లా ఎవరిని కాపాడారు, ఎవరిని వదిలేశారు అన్నదగ్గరే.

2008లో నేను ఫీనిక్స్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాను. మా పక్కిల్లు పైకప్పులు వేసే మేస్త్రీది. కొత్త ఇళ్లు కట్టడం ఆగిపోయింది, అతని పని పోయింది. ఇంటి ధర అప్పుకన్నా కిందికి పడిపోయింది, అమ్మినా బాకీ తీరదు. ఒకరోజు తలుపుకి నోటీసు అంటించి ఉంది. కొన్ని నెలలకి ట్రక్కులో పరుపులు, పిల్లల సైకిళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. పెరట్లో వాళ్ల ఈతకొలను వేసవికల్లా పాచిపట్టి పచ్చగా మారింది. దోమలు మా ఇంటిదాకా వచ్చేవి. నాకూ ఆ ఏడాదంతా టెన్షనే. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పుడు లేదు. నాకు తెలిసిన మన కుర్రాళ్లే కొందరు సామాను అయినకాడికి అమ్ముకుని హైదరాబాద్ విమానం ఎక్కారు.

ఇక "డబ్బు తిరిగొచ్చింది" అనే మాట. బ్యాంకుల వరకూ నిజమే. కానీ ఏఐజీకి పోసింది ఎటు పోయిందో చూడండి. నష్టం వస్తే భర్తీ చేస్తానని అది ఒప్పందాలు రాసిచ్చిన పెద్ద బ్యాంకులకు పైసా తగ్గకుండా ముట్టింది. గోల్డ్‌మన్ సాక్స్ ఒక్కదానికే సుమారు 1,290 కోట్ల డాలర్లు! కొంత వదులుకోండని గట్టిగా పట్టుబట్టినవాళ్లు లేరు. మా పక్కింటాయన అప్పులో మాత్రం ఒక్క డాలరూ తగ్గలేదు. 2009లో 30, 40 లక్షల కుటుంబాల ఇంటి అప్పులు సవరిస్తామని పథకం పెట్టారు, శాశ్వతంగా సవరించినవి 20 లక్షలకు కూడా చేరలేదు. పైగా వడ్డీ రేటును సున్నా దగ్గరికి దించారు. బ్యాంకులు కోలుకున్నాయి, దాచుకున్న డబ్బు వడ్డీ మీద బతికే ముసలివాళ్ల రాబడి కరిగిపోయింది. వాళ్లూ కట్టినట్టే, రసీదు లేదంతే.

ఐర్లాండ్ సంగతి ఇంకా ఘోరం. 2008 సెప్టెంబర్ చివర్లో ఒక్క రాత్రిలో ఆరు బ్యాంకుల బాకీలకు, సుమారు 44,000 కోట్ల యూరోలకు, ప్రభుత్వం పూచీ పడింది. జనాభా చూస్తే 45 లక్షలు! చివరికి బ్యాంకుల్లో పోసింది దాదాపు 6,400 కోట్లు. రేపటి పింఛన్ల కోసం దాచిన నిధిని కూడా ముట్టుకున్నారు. 2011లో కనీస వేతనాన్ని గంటకు ఒక యూరో కోసి, ప్రభుత్వం మారాక అదే ఏడాది మళ్లీ ఇచ్చారు.

అదే ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబర్‌లో మూడు పెద్ద బ్యాంకులు వారంలో పడిపోయాయి. వాటి ఆస్తులు దేశ ఆదాయానికి దాదాపు పదింతలు, నిలబెడదామన్నా తాహతు లేదు. చట్టం చేసి డిపాజిటర్లను ముందు వరసలో నిలబెట్టారు, బాండ్లు కొని బ్యాంకులకు అప్పిచ్చిన విదేశీ సంస్థలను వెనక్కి నెట్టారు. తర్వాత బ్యాంకుల పెద్దలు కొందరు జైలుకెళ్లారు. ఆ దేశంలో ఇవాళ్టికీ ఉన్నది పెట్టుబడిదారీ వ్యవస్థే. అది బతకాలంటే అప్పిచ్చిన పెద్దలందరికీ పూర్తిగా చెల్లించి తీరాలన్నది నేను నమ్మను.

బ్యాంకు బాబాయ్:
ఐస్‌లాండ్ జనం కట్టలేదనకు నాయనా. వాళ్ల క్రోనా విలువ దాదాపు సగమైంది. అక్కడి ఇంటి అప్పులు ధరలతో ముడిపడి ఉంటాయి, ధరలు పెరిగేకొద్దీ బాకీ పెరిగింది. డబ్బు దేశం దాటకుండా పెట్టిన ఆంక్షలు 2017 దాకా పోలేదు.

"బాండ్లు కొన్నవాళ్లే భరించాలి" అన్నది వినడానికి బాగుంటుంది. మన దగ్గర 2020 మార్చిలో యస్ బ్యాంకును నిలబెట్టేటప్పుడు 8,415 కోట్ల రూపాయల బాండ్లను సున్నా చేశారు. సూత్రం ప్రకారం సరైనదే. కానీ డిపాజిట్ లాంటివే అనుకుని కొన్న రిటైరైనవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లకూ మా పెదనాన్నకూ తేడా ఏమిటి?

ఫీనిక్స్ తెలుగు:
తేడా లేదు, అది ఒప్పుకుంటాను. అందుకే అమ్మేటప్పుడే మొదటి పేజీలో, కొనేవాళ్ల భాషలో, పెద్ద అక్షరాలతో రాయాలంటాను: బ్యాంకు మునిగితే ఈ డబ్బు మీ డిపాజిట్ కంటే ముందు పోతుంది అని. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది బ్యాంకు మునిగిన రాత్రి తలుపులేసుకుని తేల్చే విషయం కాకూడదు.

తెనాలి అమ్మాయి గారూ, మీ ఆఫీసులో అతనికి ఇది కూడా చెప్పండి. 2012 నుంచి పెద్ద పెట్టుబడి సంస్థలు ఫీనిక్స్‌లో జప్తయిన ఇళ్లను వందలకొద్దీ కొని అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. మా పక్కిల్లూ అలాగే పోయింది. కొలను కడిగించి, గోడలకు కొత్త రంగు వేయించి, ముందర అద్దెకు బోర్డు పెట్టారు. నేను ఫోన్ చేసి అడిగాను. మేస్త్రీ కట్టలేకపోయిన నెలవాయిదా కంటే ఆ అద్దే ఎక్కువ.