అప్‌డేట్: ఇంట్లో బిగించుకున్న రైఫిల్‌కు బ్యారెల్ మార్చాలా అని అడిగాను

టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న దుకాణంలో 4473 ఫారం (తుపాకి కొనేవారు నింపే ప్రభుత్వ పత్రం) నింపి కొన్న లోయర్ రిసీవర్‌పై (ట్రిగ్గర్ అమరే కింది భాగం, చట్టం దృష్టిలో తుపాకి అదే) 2016లో నేనే బిగించుకున్న ఏఆర్-15 రైఫిల్, 100 గజాల దూరంలో ఐదు గుళ్లను మూడు అంగుళాల మేర చెదరగొడుతోందనీ, బ్యారెల్ మార్చక తప్పదా అనీ కిందటి ఏడాది అడిగాను. చాలామంది బ్యారెల్‌నే అనుమానించారు. ఒక పెద్దాయన మాత్రం ముందు స్కోపును (గురి చూసే దుర్భిణిని) రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు మరలు చూడమన్నారు.

ఆయన మాట నిజమే, కానీ సగమే. గుండు కూర్చునే ఛాంబరు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బిగువు కొలిచే టార్కు రెంచి పెట్టగానే ఒక మర పావు చుట్టు తిరిగింది. మౌంటు పక్కకు జరిగిన చోట సన్నని మెరుపు గీత కనబడింది. బిగించాక చెదురు రెండు అంగుళాలకు తగ్గింది.

మిగతా తేడా హ్యాండ్‌గార్డుది, అంటే బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగుది. పాత ప్లాస్టిక్‌ది బ్యారెల్‌కు ఆనుకుని ఉండడంతో, ఇసుక సంచిపై పెట్టిన ప్రతిసారీ ఆ ఒత్తిడి బ్యారెల్‌కు చేరి గుండు తగిలే చోటు మారుతుండేది. బ్యారెల్‌ను తాకని ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డు, రెండు దశల్లో నొక్కే ట్రిగ్గర్ వేశాక, అదే 16 అంగుళాల బ్యారెల్ 77 గ్రెయిన్ల (సుమారు 5 గ్రాముల) గుళ్లను ఒకటిన్నర అంగుళం లోపే ఉంచుతోంది. ఏడు అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులున్న నా బ్యారెల్‌కు 55 గ్రెయిన్ల తేలికవాటి కన్నా ఇవే నప్పాయి. ట్రిగ్గర్ రైఫిల్‌ను మార్చలేదు, నా వేలి తప్పును తగ్గించింది.

ఇన్నేళ్లుగా తగిలించిన బరువైన స్టాకు, ముందుపిడి తీసేశాను. బ్యారెల్ కోసం దాచిన డబ్బు గుళ్లకూ రేంజి రుసుముకూ వెళుతోంది.