నొప్పికి రాసిన మాత్రలు, మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ప్రశ్న:

మా అమ్మాయికి పదిహేడేళ్లు. నెలసరి వస్తే మొదటి రెండు రోజులూ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునే ఉంటుంది. ఇబుప్రొఫెన్‌కి కూడా లొంగకపోయేసరికి గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ బీపీ చూశారు. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. లేదన్నాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే హార్మోన్లు కలిసిన మాత్రలు రాశారు. 21 మందు మాత్రలు, చివర్లో హార్మోన్లు లేని వేరే రంగువి 7. అవి గర్భనిరోధక మాత్రలేనని, ఈ నొప్పికీ ఇస్తారని చెప్పారు.

ఆ రాత్రి అది మంచం మీద కూర్చుని డబ్బాలోని సన్నక్షరాల కాగితం మడతలు విప్పి చదువుతోంది. తలెత్తకుండానే, "అమ్మా, నొప్పికోసం వేసుకున్నా ఇవి గర్భం రాకుండా కూడా ఆపుతాయా?" అంది. నాకు నోరు పెగల్లేదు. "అవన్నీ నీకెందుకు, నొప్పి తగ్గుతుంది, వేసుకో" అనేశాను. మారు మాట్లాడకుండా ఆ కాగితాన్ని ఏ మడతకామడత మడిచి డబ్బాలో పెట్టేసింది. అలా మడవడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయనేమో "ఇప్పుడు చెబితే మనమే దారి చూపించినట్టు అవుతుందేమో" అంటున్నారు. ఆ భయం నాకూ ఉంది. ఎలా మొదలుపెట్టను? ఎంతవరకు చెప్పను?

జవాబు 1:

కుటుంబ నియంత్రణ క్లినిక్‌లో నర్సునండి. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు "అవును, ఆపుతాయి". అక్కడే మొదలుపెట్టండి. నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు వేసుకుంటే మొదటి రోజు నుంచే పనిచేస్తాయి. ఆ తర్వాత మొదలుపెడితే వరసగా ఏడు రోజులు వేసుకున్నాకే పనిచేస్తాయి.

మందు మాత్ర ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజు రెండు పడినా ఫర్వాలేదు. రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే మాత్రం, తప్పినవాటిలో చివరిది ఒక్కటే వేసుకుని, తప్పిన మిగతావి పారేసి, రోజువారీవి ఎప్పట్లాగే వేసుకుంటూ ఉండాలి; గర్భం రాకుండా ఉండడానికి మాత్రం ఏడు రోజులపాటు ఈ మాత్రల మీదే ఆధారపడకూడదు. మామూలుగా జనం వాడే తీరులో, అంటే మధ్యమధ్య మర్చిపోతూ వాడితే, ఏడాదిలో 100 మందిలో 7గురికి గర్భం వస్తుంది. సుఖవ్యాధుల్ని ఇవి అసలు ఆపవు. దానికి కండోమే కావాలి. ఎమర్జెన్సీ మాత్ర సంగతీ చెప్పండి: రక్షణ లేకుండా కలిస్తే, ఆ తర్వాత 72 గంటల్లోపు లెవోనార్జెస్ట్రెల్ మాత్ర వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది తీసేయదు.

మీవారి భయం చాలామంది తల్లిదండ్రుల నోట విన్నదే. లైంగిక విద్య మీద జరిగిన పరిశోధనల్ని యునెస్కో తన 2018 మార్గదర్శకంలో సమీక్షించింది. చెప్పడంవల్ల పిల్లలు తొందరపడతారని అందులో తేలలేదండి.

జవాబు 2:

నేను కూతురి వైపు నుంచి చెబుతాను అక్కా. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి మూడు రోజులు మాత్ర మర్చిపోయి, నాలుగో రోజు అన్నీ కలిపి ఒకేసారి మింగింది. రాత్రంతా వాంతులు. డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటే "మా అమ్మకి తెలుస్తుంది" అని ఏడ్చింది. మాత్రలకంటే అమ్మకే ఎక్కువ భయపడింది. ఆ నెల తేదీలు లెక్కపెట్టుకుంటూ మేమిద్దరం ఎలా గడిపామో నాకు తెలుసు.

మీ అమ్మాయి అడిగింది కదా, అదే గొప్ప. ముందు ఆ రోజు కసిరినందుకు తప్పయిందని చెప్పండి. ఇష్టం లేనప్పుడు ఎవరికైనా సరే "వద్దు" అనొచ్చని, కారణం చెప్పక్కర్లేదని కూడా మీ నోటితోనే చెప్పండి. అది కాగితంలో ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

నిన్న రాత్రి ఆ కాగితం నేనే తీసి మంచం మీద పరిచాను. "మొన్న నువ్వు అడిగితే కసిరాను, తప్పు నాదే. అవును, గర్భం రాకుండా కూడా ఆపుతాయి" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలు పెట్టి ఒక వరస చూపించి "మరి మర్చిపోతే?" అంది. ఇద్దరం కలిసి చదివాం. కండోము అనే మాట నా నోట వచ్చినప్పుడు ఇద్దరం గోడవైపు చూశాం, కానీ ఆగలేదు. "వద్దు" అనడం గురించి చెబుతుంటే మాత్రం నా మొహంలోకే చూస్తూ వింది. వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి అంతా విని, లోపలికొచ్చి దాని ఫోనులో తొమ్మిదిన్నరకి అలారం పెట్టి వెళ్లారు.

లైటు తీసేస్తుంటే అడిగింది, "నా వయసులో నువ్వు ఎవర్ని అడిగేదానివమ్మా?"

"ఎవర్నీ అడగలేదురా" అన్నాను. కాస్త జరిగి నాకు చోటిచ్చింది.