ముప్పై దాటాక సంగీతం: ఇంకా ఎన్నాళ్లు స్వరాల దగ్గరే?

చెన్నైలో ఉద్యోగం. సాయంత్రాలు మైలాపూరులో ఒక టీచరుగారి దగ్గర కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. ఎప్పటికైనా ఇక్కడ ఏటా జరిగే కచేరీల డిసెంబర్ సీజన్‌లో ఏదో చిన్న సభలో పాడాలని కోరిక, మధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందైనా సరే!

ఆవిడేమో మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, సప్తతాళ అలంకారాలు (అన్నీ మొదట్లో నేర్పే స్వర పాఠాలే) మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, శ్రుతి తప్పకుండా వచ్చేదాకా కీర్తన ఊసే ఎత్తనివ్వరు. ఆన్‌లైన్‌లో చేరిన మా కొలీగ్ అప్పుడే కృతులు పాడేస్తున్నాడు. (శ్రుతి ఎక్కడుందో వెతుక్కోవాలి, అది వేరే సంగతి.)

పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లు చెప్పండి: ఇలా నిదానంగా పునాది వేసుకున్నందుకు, తర్వాత అప్పటికప్పుడు అల్లి పాడాల్సిన నెరవల్, కల్పనస్వరాల దగ్గర నిజంగా తేడా తెలిసిందా? కృతులకి ముందు నేర్పే వర్ణాలు రావడానికి మీకెంత కాలం పట్టింది? అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే ‘ఆ...’ అంటూ పాడే అకార సాధన చేస్తే పక్కింటివాళ్లు ఊరుకున్నారా?