ఉదయం ఐదింటికి సంగీత సాధకం చేస్తే తప్పా? లిఫ్ట్‌లో నోటీసు పెట్టారు

జంటవరుస:
నాకు 43 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. మొదటి పాఠాలైన సరళీ వరుసలు అయ్యాయి, ఇప్పుడు ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పాడే జంట వరుసలు. బ్రాహ్మీ ముహూర్తంలో సాధకం చేస్తేనే గొంతు కుదురుతుందని మా మేడమ్ చెప్పారు. అందుకని రోజూ ఐదింటికి లేచి, కిటికీలు మూసి, ఫోన్‌లో తంబురా ఆప్ పెట్టుకుని, బ్లూటూత్ స్పీకర్ పక్కన కూర్చుంటాను. అరగంటే. మొన్న లిఫ్ట్‌లో కాగితం అంటించారు: "కొందరు నివాసితులు ఉదయం ఆరు లోపు పాడరాదు" అని. కొందరు ఎవరండీ? 40 ఫ్లాట్లలో పాడేది నేనొక్కడినే! వీధి చివర గుడి మైకులో అదే టైముకి సుప్రభాతం వస్తే అందరూ దండం పెట్టుకుంటారు. నేను సరిగమ అంటే సెక్రెటరీకి ఫోన్లు. ఇదేం న్యాయం?

నైట్‌షిఫ్టు:
గుడిలో వచ్చేది ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి గొంతు. అదీ తేడా.

రూల్‌బుక్:
2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఐదింటికి పాడారంటే చట్టం దృష్టిలో మీరు రాత్రి పాడినట్టే. నోటీసు కరెక్టు.

జంటవరుస:
అవి లౌడ్‌స్పీకర్ల లాంటి వాటి కోసం పెట్టిన రూల్స్. నాది గొంతు.

రూల్‌బుక్:
బ్లూటూత్ స్పీకర్ అని మీరే రాశారు.

జంటవరుస:
అందులో వచ్చేది తంబురా మాత్రమే! అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాన్ని లౌడ్‌స్పీకర్ అంటారా?

రూల్‌బుక్:
పేరులోనే స్పీకర్ ఉంది.

ఊరికేచదువుతా:
నాలుగు తీగల తంబురా కొనుక్కుంటే కేసు కొట్టేస్తారా 😂

ఐదోశ్రుతి:
నేను 20 ఏళ్లుగా పాడుతున్నాను, పిల్లలకు చెబుతాను కూడా. సంగీతం నేర్చుకునేవాళ్ల ఇంట్లో ఇవన్నీ మామూలే. నేను కొత్తల్లో స్వరాలన్నీ "ఆ" అంటూ పాడే అకారం సాధన చేస్తుంటే మా పనమ్మాయి గిన్నెలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది, "ఏమైందమ్మా, పంటి నొప్పా?" అని. ఆదితాళం అలవాటైపోయి బస్సులో కూర్చుని దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు అని లెక్కపెడుతుంటే కండక్టర్ "మూడు టికెట్లా?" అని చింపి ఇచ్చేశాడు. కాబట్టి నోటీసుకి బాధపడకండి. కానీ నిద్ర లేవగానే గొంతు బిగుసుకుని ఉంటుంది. ఆ టైములో గట్టిగా పాడకూడదు. మంద్రంలో (కింది స్థాయిలో), సన్నగా, షడ్జం (స) పట్టుకుని కూర్చోవాలి. అది పక్కగదికి కూడా వినపడదు. కింది ఫ్లాటుకి వినపడుతోందంటే మీరు అరుస్తున్నారు.

జంటవరుస:
గురువుగారు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను మేడమ్. "అరుస్తున్నారు" అంటే ఎలా?

రూల్‌బుక్:
ఇంకో విషయం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. మే నెలాఖరులో హైదరాబాద్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో. అంటే 4:52కే ముహూర్తం అయిపోతుంది. ఎండాకాలంలో మీరు ఐదింటికి పాడేది చట్టానికీ, శాస్త్రానికీ రెండింటికీ చెల్లదు.

ఊరికేచదువుతా:
అన్నా, ఆయనకి ఐడియాలు ఇవ్వకు. నాలుగింటికి లేస్తాడు.

నైట్‌షిఫ్టు:
నా సంగతి చెప్తా. క్యాబ్ నన్ను నాలుగున్నరకి దింపుతుంది. స్నానం చేసి పడుకునేసరికి ఐదు. కరెక్టుగా అప్పుడే మా పై ఫ్లాట్‌లో ఒకాయన మొదలెడతాడు. సస రిరి గగ మమ. ఆరు నెలలుగా ఇదే. చెవిలో దూది పెట్టుకున్నా, ఫ్యాన్ ఐదులో పెట్టుకున్నా లాభం లేదు. మా ఆవిడ "పోనీలే, దేవుడి సంగీతం" అంటుంది. ఆవిడ రాత్రి పదింటికే పడుకుంటుంది, ఆవిడకేం.

జంటవరుస:
మీరు ఏ ఏరియా?

నైట్‌షిఫ్టు:
చెప్పను.

జంటవరుస:
పగలంతా పైన మిక్సీలు, డ్రిల్లింగ్, పిల్లల సైకిళ్లు. వాటికి నోటీసు లేదు. రాత్రి ఒంటిగంట దాకా క్రికెట్ చూసి కేకలేస్తే లేదు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ నిద్ర గుర్తొస్తుంది. మన సంస్కృతి మీద మనకే ఇంత చిన్నచూపు అయితే ఎలా?

నైట్‌షిఫ్టు:
సంస్కృతి జోలికి వెళ్లకండి. మా అమ్మ సంగీతం టీచర్. మా వరండాలో పాతికమంది పిల్లలు కూర్చునేవాళ్లు. నాకు ఒక్క గీతం రాదు గానీ ఎవరైనా తప్పు పాడితే ఒంట్లో దురద పెడుతుంది. మాకు బాధ శబ్దం కాదండీ. ఆ నిషాదం, ఆ "ని"! ఈ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగంలో కాకలి నిషాదం పై షడ్జానికి ఆనుకుని ఉండాలి. మా పైనాయన నిషాదం సగం మెట్టు మీద ఆగి, అక్కడ కూర్చుని ఊగుతుంది. ఇవాళైనా ఎక్కుతుందేమోనని నేను దుప్పట్లో కళ్లు తెరుచుకుని ఎదురుచూస్తాను. ఎక్కదు. ఇక నిద్రెక్కడ? బాగా పాడితే ఆరేంటి, మూడింటికి పాడినా నేను నోరెత్తను.

జంటవరుస:
అదీ! ఇప్పుడొచ్చింది అసలు మాట. చట్టం, డెసిబెల్స్, నిద్ర అన్నీ సాకులు. బాగా పాడేవాడికి ఎప్పుడైనా హక్కు ఉంది. నేర్చుకునేవాడికి లేదు. మరి బాగా రావాలంటే ముందు ఎక్కడో బాగాలేకుండా పాడాలి కదండీ? ఎక్కడ పాడమంటారు? ట్యాంక్‌బండ్ మీదా?

నైట్‌షిఫ్టు:
సాయంత్రం పాడండి. ఏడింటికి పాడితే ఎవడు కాదంటాడు?

జంటవరుస:
సాయంత్రం కుదరదు.

నైట్‌షిఫ్టు:
ఎందుకు? ఆఫీసు ఆరింటికి అయిపోతుందిగా.

జంటవరుస:
కుదరదు అన్నానుగా.

ఐదోశ్రుతి:
కొంచెం ఆగండి ఇద్దరూ. జంటవరుస గారూ, నిషాదం అందడం లేదంటే నాకు వేరే అనుమానం వస్తోంది. మీరు ఏ శ్రుతిలో, అంటే "స" ఎంత ఎత్తులో పెట్టుకుని పాడుతున్నారు?

జంటవరుస:
ఐదు.

ఐదోశ్రుతి:
ఐదా!! మీకు ఐదో శ్రుతి ఎవరు పెట్టారు?

జంటవరుస:
క్లాసులో అదే పెడతారు. మా క్లాసులో పన్నెండుమంది ఆడపిల్లలు, నేను. మా అమ్మాయిని దింపడానికి వెళ్లి బయట మెట్ల మీద కూర్చునేవాడిని. మేడమ్ ఒకరోజు "లోపలికి రండి, మీరూ పాడండి" అన్నారు. అలా మొదలైంది. అమ్మాయి ఇప్పుడు వరుసలన్నీ దాటి మలహరి రాగం గీతాల్లో ఉంది. నేను సాయంత్రం పాడితే హోంవర్క్ ఆపి వచ్చి, "నాన్నా, గాంధారం కిందికి పోయింది" అంటుంది. తొమ్మిదేళ్లు దానికి. వాళ్ల అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఐదింటికైతే ఇద్దరూ నిద్రలో ఉంటారు. అదీ సంగతి. తృప్తేనా?

ఊరికేచదువుతా:
బ్రాహ్మీ ముహూర్తం అని మొదలెట్టి...

ఐదోశ్రుతి:
అయ్యో, ఆయన్ని ఏమీ అనకండి. తప్పు ఆయనది కాదు. ఐదు ఆడవాళ్ల శ్రుతి. మగ గొంతుకి మామూలుగా ఒకటి, కొందరికి ఒకటిన్నర, రెండు. మీరు ఐదులో పై షడ్జం అందుకోవాలంటే అరవక తప్పదు. నిషాదం ఎక్కకపోవడానికి కారణం సాధకం తక్కువై కాదు, గొంతుకి అక్కడ దారి లేక. మీ మేడమ్‌ని అడిగి క్లాసు బయట ఒకటో శ్రుతిలో సాధకం చేసుకోండి. ఇంకోటి, నిషాదాన్ని కింది నుంచి ఎక్కి పట్టుకోవాలని చూడకండి. ముందు పై షడ్జం మీద నిలబడి, అక్కణ్నుంచి ఒక్క అడుగు దిగండి. స, ని, స. వారం రోజులు అదే.

జంటవరుస:
ఎనిమిది నెలలు మేడమ్. మిరియాల కషాయం తాగాను. ఈఎన్‌టీ డాక్టర్‌ని కూడా కలిశాను.

ఐదోశ్రుతి:
నన్ను అడిగితే పన్నెండుమంది పిల్లల మధ్య పెద్దవాళ్లని కూర్చోబెట్టడమే తప్పు. కానీ ఆ మాట అంటే మళ్లీ గొడవ.

జంటవరుస:
(నాలుగు రోజుల తర్వాత) ఇవాళ ఒకటో శ్రుతిలో పాడాను. ఆరు దాటాకే. నిషాదం అందింది. అమ్మాయి లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, ఏమీ అనలేదు. పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయింది.

నైట్‌షిఫ్టు:
మా పైనాయన కూడా ఇవాళ ఆరు దాటాకే మొదలెట్టాడు. గొంతు కూడా దిగింది. అన్నా, నిజం చెప్పు, మీది ఎన్నో ఫ్లోరు?

రూల్‌బుక్:
ఆరు దాటాక పాడారు సరే. స్పీకర్ ఎన్నింటికి ఆన్ చేశారు?