ఈ మధ్య కొత్తగా తెలిసిందేంది? తోలుబొమ్మ దీపం, ఎర్రగుడి శాసనం, ఉగ్గాని

పెన్నేటి గట్టు (అనంతపురం):
మన రాయలసీమ జిల్లాల్లో కళ గానీ, పాత రాయి గానీ, వంటింటి పని గానీ, ఈ మధ్య తెలిసొచ్చింది రాయండప్పా. ‘శానా బాగుంది’ అంటే సరిపోదు, చదివినోళ్లు చేసుకునేట్టు ఉండాల. మొదట నాది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలు మీద బొమ్మలేసి చేసే తోలుబొమ్మ దీపాలు చాలా ఇండ్లలో కొన్నాళ్లకే ముడుచుకుపోతున్నాయి. తప్పు తోలుది కాదు, బల్బుది. లోపల 60 వాట్ల పాత బల్బు పెడితే ఆ వేడికి తోలు బిగుసుకుని కుట్ల దగ్గర లాగుతుంది. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు, అదీ పసుపు వెలుగుది. తెల్ల వెలుగులో తోలు మీది ఎరుపు రంగు వెలవెలపోతుంది.

మగ్గం గుంత (ధర్మవరం):
బల్బుతో పాటు చెమ్మ కూడా చూసుకోవాలన్నా. చెప్పుల తోలు మాదిరి దీన్ని పదును చేయరు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకేసి, బిగదీసి ఎండబెడతారు, అంతే. అందుకే వెలుగు దాంట్లోంచి దూరి వస్తుంది, అందుకే చెమ్మనూ పీల్చుకుంటుంది. తోలుబొమ్మను వానకు తడిసే గోడకు ఆనించి తగిలిస్తే అంచులు లేస్తాయి. గోడకూ బొమ్మకూ మధ్య అంగుళం సందు వదలండి. ఫ్రేము కట్టిస్తే అద్దం తోలును తాకకూడదు, తాకిన చోట రంగు అద్దానికి అంటుకుంటుంది. దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్షు వాడండి, తడిగుడ్డ ముట్టించొద్దు. అంచులు లేచినాయని ఇస్త్రీపెట్టె పెట్టొద్దు. రెండు వైపులా తెల్లకాగితం వేసి, పైన చెక్కపలక, దాని మీద బరువు పెట్టి మూడు రోజులు కదపకుండా ఉంచండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
కొనేటప్పుడు అసలు తోలేనా అని ఎట్ల తెలుస్తుంది అక్కా?

మగ్గం గుంత:
కిటికీ వెలుగుకు ఎత్తి పట్టండి. తోలు అంతటా ఒకే మందం ఉండదు. ఒకచోట మసక, ఒకచోట పలుచన, అక్కడక్కడా నరాల చారలు. ప్లాస్టిక్ షీటైతే మొత్తం ఒకే తీరు. తర్వాత చిల్లులు చూడండి. బొమ్మలో నగలు, కిరీటం, చీర అంచు అన్నీ ఉలితో కొట్టిన చిల్లులే. తోలు మీది రంగు వెనక వెలుగుకు రంగుగానే కనిపిస్తుంది, చిల్లు మాత్రం తెల్లగా మెరుస్తుంది. రావణుడి కిరీటంలో గవ్వంత జాగాలో ఇరవై చుక్కలు విడివిడిగా మెరిస్తే అది చేయి తిరిగిన పని. చిల్లు కొట్టకుండా రంగు చుక్కతో సరిపెట్టినది తెర మీద మచ్చలాగా ఉంటుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కొనేదేదో అక్కడికే పోయి, చేసినోళ్ల దగ్గరే కొనండి. బేరం మాత్రం ఆడొద్దు, చిల్లులు లెక్కపెడితే అదెంత పనో మీకే తెలుస్తుంది.

గుత్తి రైలుకట్ట (అనంతపురం):
వెలుగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. గుత్తి–పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. నడిమధ్యాహ్నం పోయినోళ్లు ‘ఏమీ కనపడలేదు’ అని తిరిగొస్తున్నారు. ఎండ నెత్తిన ఉంటే చెక్కిన గాడిలో నీడ పడదు, అక్షరం బండలో కలిసిపోతుంది. పొద్దు పొడిచిన గంటలోపో, పొద్దు వాలేటప్పుడో పోండి. మబ్బు పట్టిన రోజైతే టార్చిని బండకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, అక్షరాలు లేచి కనిపిస్తాయి. ఇంకో సంగతి: అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దుల్ని మళ్లించి దున్నినట్టు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. బ్రాహ్మి పట్టిక ఒకటి అచ్చు తీసుకుపోతే రెండు మూడు అక్షరాలైనా మీరే గుర్తుపట్టొచ్చు. అక్షరాల్లో సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోయడం దయచేసి చేయొద్దు. రెండు వేల ఏండ్లకు పైగా నిలిచిన రాత అది.

కొండారెడ్డి బురుజు:
నాది ఉగ్గాని, అంటే బొరుగులతో (మరమరాలతో) చేసే ఉప్మా. ముద్దయిపోతోందని చాలామంది అడుగుతుంటారు. ముగ్గురికి 150 గ్రాముల బొరుగులు, రెండు ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, మూడు చెంచాల పప్పుల (పుట్నాల) పొడి. బొరుగులు నీళ్లలో ముంచి, మెత్తబడగానే తీసి రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. నిమిషం దాటనీయొద్దు. తిరగమోతలో ఎర్రగడ్డ వేగినాక పసుపు, బొరుగులు వేసి రెండు నిమిషాలు కలిపి పొయ్యి ఆపేయండి. పప్పుల పొడి ఆ తర్వాతే. బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చి విడివిడిగా ఉంచేది ఆ పొడే, ముందే వేస్తే అడుగంటుతుంది. కొన్ని బొరుగుల్లో ముందే ఉప్పుంటుంది, నోట్లో వేసుకుని చూసి ఉప్పేయండి. నిమ్మకాయ ఆఖర్న.

గుత్తి రైలుకట్ట:
తెల్లారుజామున ఎర్రగుడికి పోయేటోళ్లు కట్టుకపోవచ్చా?

కొండారెడ్డి బురుజు:
కలిపి కట్టుకపోతే గంటా రెండు గంటల్లో గట్టిపడుతుంది. తిరగమోత ఒక డబ్బాలో, బొరుగులు పొడిగా సంచిలో, పప్పుల పొడి పొట్లంలో పెట్టుకోండి. అక్కడ నీళ్ల సీసాతో తడిపి, పిండి, కలుపుకుంటే సరి. ఉగ్గానికి తోడు బజ్జీలు దారిలో వేడిగా కొనుక్కోండి.