విమానాశ్రయంలో చేతి ఖర్చుకు ఎన్ని డాలర్లు ఉంచుకోవాలి?

అనంతపురం నుండి, కొత్త విద్యార్థిని:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో డాలస్ వస్తున్నాను. మాకు దేవనహళ్లి విమానాశ్రయం దగ్గర కనుక బెంగళూరు నుండి ఢిల్లీకి ఒక టికెట్టు, అక్కడి నుండి అమెరికాకు వేరే టికెట్టు కొన్నాము. దారి ఖర్చులకు ఎన్ని డాలర్లు ఉంచుకోవాలో తెలుపగలరు.

కర్నూలు అన్న, డాలస్:
చెల్లెమ్మా, డాలర్ల మాట తరువాత, ముందు ఆ రెండు టికెట్ల సంగతి చూసుకో. మూడు వేల రూపాయలు కలిసి వస్తాయని నేనూ ఇలాగే ఢిల్లీకి విడిగా కొన్నాను. అమెరికా టికెట్టు మీద 23 కిలోల పెట్టెలు రెండు ఉచితమని ఉంటే, 46 కిలోలూ కట్టుకొని తెల్లవారుజామున శంషాబాదు చేరాను. కౌంటరులో "ఈ విమానానికి మీకు 15 కిలోలే" అన్నారు. అక్కడే నేల మీద పెట్టె విప్పి, అమ్మ దంచిన చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి డబ్బాలు ఒక్కొక్కటే తీసి నాన్న చేతికి ఇస్తుంటే వెనక వరుసంతా చూస్తూ నిలబడింది. 11 కిలోలు తగ్గించినా, మిగిలిన 20 కిలోలకు కిలోకు 400 చొప్పున 8,000 కట్టాను. కుక్కరును మాత్రం వదలలేదు. దాని మీద పెట్టిన డబ్బుతో ఇక్కడ ఇంకొకటి వచ్చేది.

కడప అన్న, న్యూజెర్సీ:
అది అందరికీ వర్తించదు. నేను అమెరికా టికెట్టు చూపగానే 46 కిలోలూ తీసుకున్నారు. అదే నియమం.

కర్నూలు అన్న:
నియమం కాదు, ఆ విమాన సంస్థ దయ. కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ముందే మెయిలు రాసి జవాబు దాచుకోవాలి. పైగా ఢిల్లీలో పెట్టెలు తీసుకొని బయటికి వచ్చి మళ్లీ అప్పగించాలి. టి1లో (ఒకటో టెర్మినల్లో) దిగితే టి3కి రోడ్డు మీద వెళ్లాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఎవరికీ బాధ్యత ఉండదు.

ప్రొద్దుటూరు అక్క, చికాగో:
ఎండు కొబ్బరి పెట్టవద్దు తల్లీ. నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది. ఊరగాయ చేతిసంచిలో వద్దు, నాటుకోడి పచ్చడి అసలే వద్దు. అమెరికాలో దిగాక తిండి ఉందా అని అడిగితే ఉందనే చెప్పు. దాచిపెట్టి దొరికితేనే జరిమానా.

కడప అన్న:
కొబ్బరి నేను మూడుసార్లు తెచ్చాను.

ప్రొద్దుటూరు అక్క:
మూడుసార్లూ వాళ్లు చూడలేదన్నమాట. ఇంతకీ అమ్మాయి అడిగినది ఎవరూ చెప్పలేదు. చిల్లర నోట్లుగా వంద డాలర్లు చాలు. సాధారణంగా అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకొని, తరువాతి విమానానికి మళ్లీ అప్పగించాలి; ట్రాలీకి చాలా చోట్ల డబ్బు అడుగుతారు, కార్డు దగ్గర ఉంచుకో. నగదు 10,000 డాలర్లు దాటితే అక్కడి కస్టమ్స్ వాళ్లకు రాసి ఇవ్వాలి, అంతే తప్ప దాని మీద పన్ను ఉండదు.

అనంతపురం నుండి, విద్యార్థిని:
ధన్యవాదాలు. టికెట్టు రద్దు చేస్తే సగం కూడా తిరిగి రాదట, కనుక సంస్థకు ఇప్పుడే మెయిలు రాశాను. అక్కా, కొబ్బరిని కారప్పొడిలో కలిపి దంచి పంపితే పరవాలేదా అని అమ్మ అడుగుతోంది.